వేలు పెట్టి లెక్కపెట్టని జీవాలు

మంగళవారం వచ్చిందంటే నాకు ఇప్పటికీ పొద్దున్నే ఎక్కడికో బయల్దేరాలనిపిస్తుంది. కుట్టుమిషను ముందు కూర్చుంటాను గానీ మనసు నిలవదు. ఏడున్నర బస్సు మా ఊరి మలుపులో హారను కొట్టి వెళ్లిపోయేదాకా చెవి అటే ఉంటుంది. దాదాపు ఏడాది పాటు ప్రతి మంగళవారం ఆ బస్సులో నేనూ మా తమ్ముడూ కదిరికి వెళ్లాం. వాడు కిటికీ పక్కన, నేను సంచి ఒళ్లో పెట్టుకుని ఇవతల. ఆసుపత్రికి వెళ్లొచ్చిన రోజులను తలుచుకుని బెంగపడే మనిషి ఎక్కడైనా ఉంటుందా అని మా ఆయన ఎగతాళి చేస్తాడు. ఉంటుంది. నేనే ఉన్నాను.

సుఖం ఏముందని ఆ రోజుల్లో? బస్సులో సీటు దొరకడమే గగనం. దిగగానే బస్టాండు ఎదురు హోటల్లో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తినేవాళ్లం. వాడు బజ్జీ తిని తొడిమలను ప్లేటు అంచున వరసగా పేర్చేవాడు. మొదట్లో మాటా పలుకూ ఉండేది కాదు. కొన్ని నెలలు పోయాక ఒకనాడు, "ఇంగో బజ్జీ తింటావా అక్కా?" అని అడిగాడు. నాకు కడుపు నిండిపోయి ఉంది. అయినా తిన్నాను, ఇంకొకటి అడిగి మరీ తిన్నాను. మల్లెపూల కాలంలో తిరుగు ప్రయాణానికి బస్సెక్కే ముందు వాడే గుర్తుచేసేవాడు, పూలు తీసుకోమని. ఇప్పుడు నేను ఒక్కదాన్నే కదిరికి వెళ్లి పూలు తెచ్చుకున్నా, ఆ వాసన రాదు.

మాది జీవాలను నమ్ముకున్న ఇల్లు. మా వైపు గొర్రెలనూ మేకలనూ జీవాలనే అంటాం. వాన ముఖం చూపని ఏడాదిలో శనక్కాయ చేలు ఎండిపోయినా, గుట్ట మీద నాలుగు పరకలుంటే చాలు, జీవం తాను బతికి మమ్మల్ని బతికించేది. నాయనా, ఆయన నాయనా అందరూ ఆ గుట్ట ఎక్కి దిగినవాళ్లే. అమ్మది మడకశిర వైపు. తల్లి లేని ఒక ఎర్ర గొర్రెపిల్లను పాలు పట్టి సాకింది కూడా. జీవాలతో కన్నడంలో ముద్దుగా మాట్లాడేది, మమ్మల్ని మాత్రం తెలుగులో తిట్టేది. మేమూ జీవాలుగా పుట్టి ఉంటే బాగుండేదని నేనూ తమ్ముడూ చాటుగా అనుకునేవాళ్లం.

మా ఇంట్లో ఒక పట్టింపు ఉండేది. జీవాలను లెక్కపెట్టకూడదు. సాయంత్రం మంద తిరిగొచ్చేసరికి నాయన దొడ్డి వాకిట్లో చేతికట్టె అడ్డం పెట్టి నిలబడేవాడు. కట్టె కాస్త ఎత్తితే ఒకటి దూరేది, మళ్లీ ఎత్తితే ఇంకొకటి. దూరే ప్రతిదాని ముఖమూ చూసేవాడు. అన్నీ దూరేసరికి ఏది రాలేదో ఆయనకు తెలిసిపోయేది. ఒకటి, రెండు, మూడు అని వేలు చూపిస్తే మంద తరిగిపోతుందని నమ్మకం. బళ్లో కొత్తగా అంకెలు నేర్చుకున్న ఉత్సాహంలో నేను అరుగెక్కి గట్టిగా లెక్కపెడితే, అమ్మ నా వేలి మీద చురుక్కుమనేలా ఒకటిచ్చింది. "కన్నబిడ్డల్ని లెక్కబెట్టుకుంటారా యాడన్నా? ముఖం సూసి పిలుచుకుంటారు గానీ" అంది.

తమ్ముడికి ఆ దెబ్బ ఎన్నడూ పడలేదు. వాడికి లెక్కతో పనే లేదు. ఆరేళ్ల వయసులోనే సంగటి తింటూ తింటూ తలెత్తి దొడ్డి వైపు చూసి, "మొండిచెవిది రాలా నాయనా" అనేవాడు. నాయన చేతిలో ముద్ద వదిలేసి లేచేవాడు. నాకేమో అన్ని గొర్రెలూ ఒకటే. ఆ మాటంటే వాడికి ఎక్కడలేని కోపం వచ్చేది. "నీకు కండ్లు ల్యావా అక్కా? దీని కంటి కింద గీత ఉండాది, దానికి ల్యా" అనేవాడు. నేను కళ్లు చికిలించి చూసి, కనబడిందని అబద్ధం చెప్పేదాన్ని.

ఇరవై రెండో ఏట వాడికి గుట్ట మీద గొంతులు వినబడ్డాయి. అమ్మ పోయిన మరుసటి ఏడాది అది. నన్ను అదే ఊళ్లో రెండు వీధుల అవతలికి ఇచ్చారు కాబట్టి అంతా నా కళ్లెదుటే జరిగింది. ముందు ఎవరో పిలుస్తున్నారన్నాడు. తర్వాత తిడుతున్నారన్నాడు. ఊరంతా తన గురించే మాట్లాడుకుంటోందని చెవుల్లో దూది పెట్టుకుని తిరిగాడు. ఒక సాయంత్రం మంద లేకుండా ఒక్కడే ఇంటికొచ్చాడు. జీవాలు యాడరా అంటే తెలియదు. గాలి సోకిందన్నవాళ్లున్నారు, తాయెత్తు కట్టినవాళ్లున్నారు. అప్పట్నించే నాయనకు నిద్ర కరువైంది. వాడు లేచి ఎటైనా వెళ్లిపోతాడేమోనని వాకిలికి అడ్డంగా చాప వేసుకునేవాడు. వాడు లోపలికొచ్చి, గొళ్లెం పడ్డాకగానీ ఆ చాప మీద నడుం వాల్చేవాడు కాదు. వాల్చినా కన్ను మూసేవాడో లేదో దేవుడికే తెలియాలి.

చివరికి కదిరిలో ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. దీన్ని సైకోసిస్ అంటారనీ, ఎవరి శాపమూ కాదనీ ఆయన చెప్పాడు. మాత్రలు రాశాడు. కొన్ని నెలలకు గొంతులు దూరమయ్యాయి, ఆ తర్వాత ఆగిపోయాయి. అంతా గట్టెక్కిందనుకున్నాం. దేవుడికి కొబ్బరికాయ కూడా కొట్టేశాను.

గట్టెక్కలేదు. వాడు ఉప్పు తెమ్మంటే దుకాణం దాకా వెళ్లి, ఎందుకొచ్చానో తెలియక నిలబడి, ఉత్తచేతులతో తిరిగొచ్చేవాడు. మనం చెప్పే మాట మధ్యలోనే జారిపోయేది. నాయన ధైర్యం చేసి మందతో పంపితే, వాడి కళ్ల ముందే జీవాలన్నీ పక్కవాళ్ల శనక్కాయ చేలో పడ్డాయి. వాడు చూస్తూనే ఉన్నాడు. అదిలించాలని తోచలేదు. చేనుగలాయన ఇంటి మీదికొచ్చి నానా మాటలూ అన్నాడు. ఆ సాయంత్రం నాయన వాడి చేతిలోంచి కట్టె తీసుకుని చూరులో దోపేశాడు. వాడు అడగలేదు. అరుగు మీద కూర్చున్నాడు, ఇక అక్కడే కూర్చుని ఉండేవాడు. వాడు బద్ధకంతో అలా ఉన్నాడని ఊరు అనుకుంది. సిగ్గు విడిచి చెబుతున్నాను, నేనూ అలాగే అనుకుని చాలాసార్లు తిట్టాను.

నాయన మోకాళ్లు అప్పటికే మొరాయించాయి. ఆయన ఒకరోజు నన్ను పిలిచి తేల్చి చెప్పాడు. "ఎండాకాలం పోయి ముంగారు వానలు పడేదాకా సూస్తా. వీడు ఒక్కడే మందను తోలుకపోయి, తోలుకొచ్చేట్లయితే సరి. లేదంటే పక్కూరాయన అడుగుతాండాడు, ఇచ్చేస్తా. నా చేత కాదమ్మా." వాడికి తెలిసిన లోకం ఆ మంద ఒక్కటే. అది కూడా పోతే, జీవితాంతం ఆ అరుగే గతి.

తర్వాతిసారి డాక్టరు దగ్గర ఏడ్చినంత పని చేశాను. ఆయన ఓపిగ్గా విన్నాడు. "గొంతుల్ని మందు ఆపిందమ్మా. కానీ ఈ జబ్బు ధ్యాసనూ జ్ఞాపకాన్నీ కూడా దెబ్బ తీస్తుంది. కాలికి కట్టు విప్పాక మళ్లీ నడక నేర్పుతాం చూడు, అట్లా మెదడుకీ కసరత్తు చేయించాలి. మాత్రలు వేసుకుంటూనే ఇదీ చేయాలి" అన్నాడు. వరండా చివర గదిలో ఉండే మేడమ్ దగ్గరికి పంపాడు.

ఆ మేడమ్‌ది ఇంచుమించు నా వయసే. మడకశిర మనిషి. మాట మధ్యలో కన్నడం దొర్లితే నాకు అమ్మ గుర్తొచ్చేది. ఆవిడ తమ్ముడి చేతికి ఒక ట్యాబ్ ఇచ్చింది. తెర మీద ఒక బొమ్మ వచ్చి మాయమవుతుంది, ఇంకోటి వస్తుంది. ముందు వచ్చిందే మళ్లీ వస్తే నొక్కాలి. తర్వాత రెండు శబ్దాలు, ఏది పైస్థాయిదో చెప్పాలి. ఆ తర్వాత నాలుగు మాటలు విని అప్పజెప్పాలి. మూడు వారాలు అదే తంతు. నాలుగో వారం నాకు ఒళ్లు మండింది. "ఇంత దూరం వచ్చేది బొమ్మలాట ఆడేదానికా మేడమ్? ఆడ మా నాయన మందను ఇచ్చేస్తానంటాండాడు" అన్నాను. ఆవిడ నవ్వి, ట్యాబ్ నా చేతికిచ్చింది. "మీరొకసారి ఆడండి అక్కా."

ఆడాను. మూడో బొమ్మకే బోల్తా పడ్డాను. బ్లౌజు కొలతలు రాసుకోకుండా గుర్తుపెట్టుకుంటానని ఊరంతా గొప్పలు చెప్పుకునే దాన్ని! పక్కన కిసుక్కుమని శబ్దమైంది. తమ్ముడు నవ్వుతున్నాడు. వాడు నవ్వగా విని ఎన్నాళ్లయిందో లెక్క లేదు. ఆ నవ్వు కోసం మళ్లీ ఓడిపోవడానికి నేను సిద్ధమే. ఆ రోజునుంచి మేడమ్‌తో గొడవపడటం మానేశాను.

ఆవిడ వాడికి కొన్ని ఉపాయాలు నేర్పింది. వినగానే పెదాలతో మెల్లగా అనుకో. ఒక్కొక్కదాన్నీ నీకు తెలిసిన దారిలో ఒక్కో చోట పెట్టుకో. ఉప్పు మన గడప మీద, అగ్గిపెట్టె చింతచెట్టు కింద, సబ్బు బోరింగు దగ్గర. వాడు దుకాణం నుంచి మొదటిసారి మూడూ తెచ్చిన రోజు, నేను ఆ సబ్బును వారం దాకా వాడలేదు. "ట్యాబ్‌లో మార్కులు పెరిగితే చాలదన్నా, దుకాణం కాడ పనికొచ్చిందే మనకు మార్కు" అనేది ఆవిడ వాడితో. కొన్ని వారాలు ముందుకు పోయేవాడు, ఒక వారం అంతా వెనక్కి వచ్చేది. ఆవిడ మాత్రం విసుక్కోగా నేను చూడలేదు. నాకు ఆ ఓపిక పుట్టుకతోనే లేదు.

వాడు గొర్రెల కాపరి అని గుర్తుంచుకుని, ఒక మంగళవారం ఆవిడ ప్రేమగా ఒక కొత్త అట్ట తయారుచేసి తెచ్చింది. దాని నిండా గొర్రెల బొమ్మలు. "సూడన్నా, ఎన్ని ఉండాయో లెక్కపెట్టి చెప్పు" అంది. తమ్ముడు అట్టను చూశాడు. రెండు చేతులూ తొడల కింద దాచేసుకున్నాడు. మేడమ్ మళ్లీ అడిగింది. వాడు నేల చూపులు చూశాడు. ఇంకోసారి అడిగేసరికి లేచి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. ఆవిడ ముఖం చిన్నబోయింది. జబ్బు మళ్లీ తిరగబెడుతోందేమో, డాక్టరుకు చూపిద్దామంది. వరండాలోకి తీసుకొచ్చి, నలుగురిలో వాడిని కడిగేశాను. "పది దాకా లెక్కబెట్టలేవా? చిన్నపిల్లలు చెప్తారు గదరా! మంద పోతే ఏం చేస్తావు?" అని.

తిరుగు బస్సులో వాడు ఎప్పటిలాగే కిటికీ పక్కన కూర్చున్నాడు. ఊరు దగ్గరపడ్డాక అన్నాడు: "జీవాలను ఏలు పెట్టి లెక్కబెడ్తారా అక్కా? అమ్మ కొడ్తుండె గదా."

ఇన్నేళ్ల జబ్బూ, ఇన్ని మాత్రలూ దాటుకుని అమ్మ మాట వాడి దగ్గర భద్రంగా ఉంది. దెబ్బ తిన్న నేనే మరిచిపోయాను. మతి లేనిది ఎవరికి? పమిట చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. వాడు కంగారుపడి, "బజ్జీలు పడలేదా అక్కా?" అని అడిగాడు.

ఆ సంగతి చెప్పగానే మేడమ్ నుదురు కొట్టుకుంది. "అయ్యో, మా అవ్వ కూడా లెక్కపెట్టనిచ్చేది కాదు అక్కా! చదువుకుని నేనే మరిచిపోయినా" అంది. అట్ట చింపేసింది. మా మందలో ప్రతి జీవం ముఖాన్నీ ఫోనులో ఫొటో తీసుకురమ్మంది. తీశాను. తీస్తుంటే తమ్ముడు వెంటపడి, ఈ వైపు కాదు ఆ వైపు, వెలుతురు పడేట్లు తియ్యి అని నా మీద అరిచాడు. తమ్ముడు నా మీద అరిచాడని మా ఆయనకు ఎంత గర్వంగా చెప్పుకున్నానో!

ఆ ఫొటోలతో కసరత్తు మారింది. మూడు ముఖాలు చూపించి, మూసేసి, రెండే చూపించేది. "ఎవరు రాలేదు?" వాడు పెదాలు కదుపుతూ ఒక్కొక్క ముఖం దగ్గరా ఆగి చూసి చెప్పేవాడు. మూడు ఐదయ్యాయి, ఐదు పదయ్యాయి. కొత్త ముఖం ఒకటి కలిపి మోసం చేయబోతే, "ఇది మనది కాదు మేడమ్" అనేవాడు. మధ్యలో బయట కుర్చీ లాగిన శబ్దమైనా, ఎవరైనా తలుపు తీసినా, చూపు తెర మీదే ఉంచడం కూడా నేర్పింది. గుట్ట మీద కావలసింది అదే గదా.

వేసవి పోయి మబ్బులు పట్టాయి. నాయన కొన్నాళ్లు వాడిని వెంటబెట్టుకుని మందతో తిప్పాడు. మొదటి వాన పడిన మర్నాడు చూరులోంచి కట్టె తీసి, దుమ్ము తుడిచి, వాడి చేతికిచ్చాడు. "ఈ పొద్దు నువ్వొక్కడే పోయిరా" అన్నాడు. నాతో పక్కకొచ్చి, "శుక్రవారం పక్కూరాయన వస్తానన్నాడు. ఈ పొద్దు సూసి చెప్తానన్నా" అన్నాడు.

ఆ రోజు నేను కుట్టిన బ్లౌజు ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి. నీడలు సాగగానే మిషను వదిలేసి పుట్టింటికి పరుగెత్తాను. ఊరికే వెళ్లానా? లేదు. ఫోనులోని ఫొటోలను బట్టి మా జీవాలు నలభై ఒకటి. వాటికి సరిగ్గా నలభై ఒక్క గుండీలు డబ్బాలోంచి తీసి పిడికిట్లో పెట్టుకుని వెళ్లాను. నోటితో అంకె అనను, వేలు చూపను. అమ్మ కోప్పడదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నిజం చెప్పాలంటే నాకు వాడి మీద నమ్మకం లేదు.

గుట్ట దిక్కున దుమ్ము లేచింది. మెడగంట వినబడింది. తమ్ముడు మందను తోలుకొచ్చి, నాయన నిలబడే చోటే నిలబడి, కట్టె అడ్డం పెట్టాడు. నాయన అరుగు మీద కూర్చుని చూస్తున్నాడు. కట్టె లేచినప్పుడల్లా నేను గోడ చాటున ఒక గుండీని ఎడమ చేతిలోంచి కుడి చేతిలోకి మార్చాను. ఆఖరి గొర్రె దూరింది. ఎడమ చెయ్యి ఖాళీ. ఒక్క గుండీ మిగల్లేదు. పట్టలేని సంతోషంతో బయటికొచ్చి అరిచాను: "నాయనా, అన్నీ వచ్చినాయి!"

తమ్ముడు నా వైపు చూడలేదు. కట్టె దించకుండా దొడ్డిలోకి చూస్తూ, పెదాలు కదుపుతున్నాడు. ట్యాబ్ ముందు కూర్చున్నప్పుడు కదిపినట్టే.

"రాలేదు నాయనా" అన్నాడు. "అమ్మ సాకినదాని మనమరాలు రాలా. ఈడ ఒగటి మనది కాదు."

లోపలికి వెళ్లి ఒక ఎర్ర గొర్రెను చెవి పట్టుకుని తెచ్చాడు. నా కంటికి అది మాదే. వాడు దాని ముఖం నాయన వైపు తిప్పాడు. నాయన కళ్లద్దాలు పెట్టుకుని దగ్గరికొచ్చి చూశాడు. అమ్మ సాకినదాని సంతతికంతా ఉండే కంటి కింద గీత దీనికి లేదు. "కుంట కాడ నీళ్లు తాగేటప్పుడు అవతలూరి మందతో కలిసినాయి. విడదీసేటప్పుడు మారిపోయింటుంది. ఇచ్చి తెచ్చుకుంటా" అన్నాడు తమ్ముడు, ఏ తడబాటూ లేకుండా.

నేను వెంట వస్తానన్నాను. చీకటి పడేలా ఉందనీ, అవతలూరు మైలుకు పైనే ఉందనీ ఏవో చెప్పాను. నాయన నా పిడికిలి వైపు చూశాడు. వేళ్ల సందుల్లోంచి గుండీలు కనబడుతున్నాయి. ఆ చూపు కంటే అమ్మ కొట్టిన దెబ్బే నయం.

"వాని జీవాన్ని వాడు తెచ్చుకుంటాడు. నువ్వు సంగటి పెట్టు" అన్నాడు.

తమ్ముడు గొర్రె మెడకు తాడు కట్టుకుని వెళ్లిపోయాడు. నాయన సంగటీ ఊరిబిండి పచ్చడీ తిన్నాడు, ఎప్పటికంటే ఒక ముద్ద ఎక్కువే తిన్నాడు. చెయ్యి కడుక్కుని చాప తీసుకున్నాడు. వాకిలికి అడ్డంగా వేస్తాడనుకుని నేను పక్కకు జరిగాను. ఆయన దాన్ని లోపల గోడ వారగా, అమ్మ ఉన్నప్పుడు పడుకునే చోట వేసుకున్నాడు. వాకిలి బార్లా తెరిచే ఉంది. కొడుకు బయటే ఉన్నాడు. ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. కాసేపటికి గురక వినబడింది. ఎన్నేళ్ల తర్వాతో!

నేను గడప మీద గుండీలు పట్టుకుని కూర్చున్నాను. వాడు వచ్చేసరికి దీపాలు పెట్టే వేళ దాటింది. వెనక మా ఎర్ర గొర్రె. దాన్ని దొడ్డిలోకి తోలి, కాళ్లు కడుక్కుని వచ్చి, వాకిట్లో చాప లేకపోవడం చూసి ఆగిపోయాడు. లోపలికి తొంగి చూశాడు.

"నాయన పండుకున్నాడా అక్కా?" అన్నాడు మెల్లగా. "నేను రాకముందే?"

"అవునప్పా," అన్నాను, "నువ్వు రాకముందే."

వాడు కట్టెను గోడకు ఆనించి, నా పక్కన గడప మీద కూర్చున్నాడు. లోపల నాయన గురకను ఇద్దరం చాలాసేపు వింటూ కూర్చున్నాం.